చేతులెత్తే కారు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఆరు నెలలు మద్రాసులో ఉండొచ్చినవాడికి మా వైపు దొరికిన గౌరవం ఇప్పుడు ఎన్నేళ్ళు చదివినవాడికీ దొరకదు. నేను ఆ ఆరు నెలలూ అక్కడ ఒక మోటారు కరెంటు పనుల షాపులో గడిపాను. అందులో నాలుగు నెలలు షాపు ఊడ్చాననీ, మిగిలిన రెండు నెలలూ మేస్త్రీకి టీ తెచ్చిచ్చాననీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. (ఇన్నేళ్ళకు ఇప్పుడే చెబుతున్నాను. వింటే తిట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు గనుక ధైర్యం వచ్చింది.) ప్రొద్దుటూరులో మా మేనమామకు కార్ల రిపేరు షెడ్డు ఉండేది. మద్రాసు పేరు చెప్పుకుని అందులో ఎలక్ట్రికల్ మేస్త్రీగా కుదురుకున్నాను. కుదురుకున్నాననేది నా మాట. మామ మాత్రం, "అల్లుడూ, ఒక్క బండి కరెంటు పని సొంతంగా చేసి సూపించు. చేస్తే ఈడుంటావు. ల్యాకుంటే సింహాద్రిపురం పోయి మీ నాయనతో పాటు చెనిక్కాయ చేలో కలుపు తీస్తావు" అన్నాడు. మా నాయన కోపం, ఆ వేరుశనగ చేను పొడవు, రెండూ నాకు బాగా తెలుసు.

ఆ ఒక్క బండి జమ్మలమడుగు నుంచి వచ్చింది. ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్మేసిన పాత కారు అది. దాని యజమానిని చిన్నా పెద్దా అందరూ పెద్దాయన అనేవారు. మనిషి మంచివాడే గాని, జన్మలో ఎవరికీ తాను ముందుగా దండం పెట్టి ఎరగడు. ఎదుటివాళ్ళు పెడితే తల కాస్త ఆడించేవాడు, అంతే. ఆ కాలపు కార్లకు పక్కకు తిరగబోతున్నామని చెప్పే దీపాలు ఇప్పటిలా ఉండేవి కావు. ముందు తలుపుల వెనక, రెండు వైపులా సన్నటి అరలుండేవి. స్టీరింగ్ దగ్గరి మీట ఎటు తిప్పితే అటు వైపు అరలోంచి జానెడు రేకు చెయ్యి ఒకటి, లోపల దీపం వెలుగుతూ బయటికి లేచేది. పెద్దాయన కారుకు ఆ చేతులు లేవడం మానేసి ఏళ్ళయింది. "వచ్చే గురువారం మావోని పెండ్లికి పులివెందులకు పోతాండాం. ఆ పొద్దుటికి చేతులు లేయాల. ఆడపెండ్లోళ్ళు కండ్లార సూడాల" అన్నాడు.

నేను కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "కాయిలు కాలిపోయింది" అన్నాను. (కాయిలంటే కరెంటు తగిలితే ఆ చేతిని పైకి లేపే తీగచుట్ట. మద్రాసు మేస్త్రీ ఏది పనిచేయకపోయినా ముందు ఆ మాటే అనేవాడు.) తర్వాత కారులో ఉన్న తీగలన్నీ ఊడబీకాను. గుడ్డ చుట్టిన తీగలు అవి. ఒకప్పుడు ఎరుపు, పచ్చ, నీలం రంగులుండేవేమో గాని, మా ఎండకూ దుమ్ముకూ అన్నీ బీడీ రంగుకు వచ్చాయి. ఏది ఎక్కడిదో గుర్తు రాసిపెట్టుకోలేదు, నా జ్ఞాపకశక్తి మీద నాకు అంత నమ్మకం. మూడో రోజుకు కూడా చేతులు కదలలేదు. మా షెడ్డులో ఇంజన్ల పని చూసే పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, అందరం చిచ్చా అని పిలిచేవాళ్ళం. కంటికి కనపడని దాంతో తనకు పనిలేదని కరెంటు జోలికి వచ్చేవాడు కాదు. ఆయన బీడీ పారేసి వచ్చి, అరలోకి తొంగి చూసి, సన్నటి చాకుతో గీకడం మొదలుపెట్టాడు. పొరలు పొరలుగా పసుపు, గంధం, కుంకుమ ఊడి పడ్డాయి. పెద్దాయన ఇంట్లో ఏటా ఆయుధపూజకు కారును పూజిస్తారు. చేతులు కదా అని వాటికి మరీ దండిగా పూసేవాళ్ళట. "కరెంటు గాదు బేటా, భక్తి ఎక్కువైంది" అన్నాడు చిచ్చా.

దోషం అక్కడుంటే నేను ఊడబీకింది ఇక్కడ. కారు బ్యాటరీ ఛార్జింగుకు పోయి ఉంది గనుక వేరే బ్యాటరీ నేరుగా తగిలించి చూశాను, రెండు చేతులూ టక్కున లేచాయి. అయిపోయిందని మామకు చెప్పేశాను. ఆ తర్వాత గుర్తున్న తీగలు గుర్తున్నట్టు, లేనివి దేవుడి మీద భారం వేసి కలిపాను. గురువారం పొద్దున బ్యాటరీ వచ్చింది, దాని వెనకే పెద్దాయనా వచ్చాడు, తీరిగ్గా చూసుకోవడానికి సమయం లేకపోయింది. "దోవలో ఏమన్నా అయితే నువ్వే సూసుకో" అంటూ మామ నన్ను కారు వెనక సీట్లోకి తోశాడు.

జమ్మలమడుగులో పెద్దాయన కొడుకు, అంటే పెళ్ళికొడుకు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కారు పెద్దాయనే నడుపుతున్నాడు. ముద్దనూరు దాటాక మేకల మంద అడ్డమొచ్చింది. ఆయన హారన్ నొక్కాడు. హారన్ మోగింది, దాంతోపాటే రెండు పక్కలా రెండు చేతులూ లేచాయి. వదిలితే పడిపోయాయి. అవి డ్రైవరు వీపు వెనక ఉంటాయి గనుక పెద్దాయనకు కనిపించలేదు. పెళ్ళికొడుక్కు కనిపించాయి. "ఏందన్నా అది?" అని గుసగుసగా అడిగాడు. "మద్రాసు పద్ధతి" అన్నాను. అక్కడినుంచి రోడ్డు మీదికి మేకలు గాని మనుషులు గాని రాకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను.

పులివెందుల పొలిమేరలో ఆడపెళ్ళివారు మేళంతో ఎదురుకోలుకు నిలబడి ఉన్నారు. వాళ్ళే ముందు దండం పెట్టి, పానకం ఇచ్చి పిలుచుకుపోవాలి. మగపెళ్ళివారు ముందు చెయ్యెత్తితే ఇక ఆ పెళ్ళిలో వాళ్ళ మాట చెల్లదు. ఈ పట్టింపు మీద ముహూర్తాలు దాటిపోయిన పెళ్ళిళ్ళున్నాయి. పెళ్ళికూతురి తండ్రి కూడా తక్కువవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, ముందు పెద్దాయన కారు దిగాలని చూస్తున్నాడు. ముందు ఆయన రావాలని పెద్దాయన దిగలేదు. మేళం వాళ్ళు కూడా వాయించడం ఆపి చూస్తున్నారు. చివరికి పెద్దాయన, మేం వచ్చింది కనపడలేదా అన్నట్టు హారన్ గట్టిగా నొక్కాడు. అంతమందీ చూస్తుండగా కారు రెండు చేతులూ ఎత్తింది.

పెళ్ళికూతురి తండ్రి వెనక్కి కట్టుకున్న చేతులు విప్పాడు. "శానా మర్యాదస్తుడప్పా. కారుతో గూడా దండం పెట్టిస్తాండాడు" అంటూ రెండు చేతులూ జోడించి గబగబా వచ్చి తలుపు తీశాడు. పెద్దాయనకేమీ అర్థం కాక మళ్ళీ నొక్కాడు, కారు మళ్ళీ మొక్కింది. అప్పుడు పెళ్ళికొడుకు ఆయన చెవిలో సంగతి చెప్పాడు. ఆయన వెనక్కి తిరిగి నా వైపు ఒక్క చూపు చూశాడు. చెనిక్కాయ చేను ఆ చూపులోనే కనిపించింది నాకు.

పెళ్ళి ఒక్క మాట పట్టింపు లేకుండా జరిగిపోయింది. నాలుగో రోజు పెద్దాయన షెడ్డుకు వచ్చేసరికి నేను పెట్టె సర్దుకుని ఉన్నాను. "తీగలు తారుమారైనాయి పెద్దాయనా, తప్పు నాదే, గంటలో సరిచేస్తా" అన్నాను. "సరిచేస్తే కాళ్ళిరగ్గొడతా" అన్నాడాయన. తర్వాత మామ వైపు తిరిగి గొంతు తగ్గించి, "ముందుగా చెయ్యెత్తడం నాకు చిన్నప్పటి నుంచీ చేతగాదప్పా. అది ఎత్తుతాంది, ఎత్తనీ. వీన్ని యాడికీ పంపొద్దు, ఆ తీగలు వీనికి తప్ప ఎవురికీ తెలీవు" అన్నాడు. (నాకూ తెలియవని నేను చెప్పలేదు.) అట్లా షెడ్డులో నిలిచాను. అప్పటినుంచి దారిలో ఎవరు ఎదురైనా పెద్దాయన హారన్ నొక్కేవాడు, ఆయన బదులు కారు దండం పెట్టేది. ఏడాదికోసారి ఆ కారు వచ్చినప్పుడల్లా అన్నీ విప్పి, మళ్ళీ అదే తప్పు తప్పకుండా చేయవలసి వచ్చేది. నేను కరెంటు పని నిజంగా నేర్చుకున్నది అప్పుడే.

రాజధాని హైదరాబాదుకు పోయిన కొన్నేళ్ళకు, ఒక ఉదయం పెద్దాయన ఒక్కడే వచ్చి షెడ్డు ముందు కారు ఆపి హారన్ నొక్కాడు. మోత వచ్చింది గాని చేతులు లేవలేదు. మళ్ళీ నొక్కాడు, లేవలేదు. ఈసారి కాయిళ్ళు నిజంగానే కాలిపోయాయి. ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. తర్వాత స్టీరింగ్ మీది చేతులు తీసి, అలవాటు లేని మనిషి గనుక వేళ్ళు సరిగా కలవక, నాకు దండం పెట్టాడు. అప్పటికి నాకు ముప్ఫై కూడా నిండలేదు. ఏం చేయాలో తోచక చేతిలోని స్క్రూడ్రైవరుతోనే తిరిగి దండం పెట్టాను. కొత్త కాయిళ్ళు షెడ్డులోనే ఉన్నాయి. అయినా లేవన్నాను, తెప్పించడానికి నెల పడుతుందన్నాను. ఆ నెలంతా ఆయన దారిలో ఎదురైనవాళ్ళకు ఎన్ని దండాలు పెట్టుకున్నాడో నాకు తెలియదు. ఆ అబద్ధం ఆడిన కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇన్నేళ్ళ పనిలో నేను బాగా చేశాననుకునే రిపేరు, ఆ నెల రోజులు చేయకుండా వదిలేసిన ఆ ఒక్కటే.