మూడో నట్టు

మా పాత పికప్ బండి ఇంజిన్ వణుకుతూ మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టిన పొద్దున నేను బాపు మీద అరిచాను. వలసపోయి భేస్తాన్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి ఆ మోతకు ఆయన రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఇంజిన్ రోగాన్ని చెవితో పట్టాలి, ఈయనకేం తెలుస్తుందని నా కోపం.

"నీకు వినవడదు, పక్కకు జరుగు!" అన్నాను.

ఆయన నా పెదాలు చూసి నవ్వాడు. సాంచెల మోతలో పనివాళ్లు ఒకరి మాట ఒకరు పెదాల మీదే చదువుకుంటారు.

"జర స్టార్ట్ జేసి ఉంచు" అన్నాడు.

ఇంజిన్ మీద ఒక అరచేయి ఆనించాడు. రెండో చేత్తో పానా పట్టి, డీజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి మళ్లీ బిగించాడు. మొదటిది వదలగానే ఇంజిన్ ఇంకా ఎక్కువ కొట్టుకుంది. రెండోదానికీ అంతే. మూడోది వదిలితే మాత్రం వణుకులో ఏ తేడా లేదు.

"గిదే పనిజేస్తలేదు. ఉన్నా లేకున్నా ఒక్కటే" అని, నట్టు బిగిస్తూ, "నా లెక్కనే" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు కనిపించకూడదని అటు తిరిగి, "గట్లనకు బాపూ, నువ్వు లేకుంటే నేనెట్ల?" అన్నాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆయన చేతులు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోతున్నాడు.

ఆ మూడో పైపుకి కొత్త నాజిల్ వేశాక బండి బాగుపడింది. ఆ వానాకాలంలోనే బాపు పోయాడు.

తిట్టిందేమో ఎదురుగా నిలబడి తిట్టాను. ఈ ఒక్క మాటే వీపు చూపించి అన్నాను.