మంచిరక్తం మింగిన మాత్ర

మా ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌ని అందరూ మంచిరక్తం అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. రోగి రక్తం సరిగ్గా గడ్డకడుతోందో లేదో చూడాలంటే పక్కన పోల్చుకోవడానికి ఒక ఆరోగ్యవంతుడి రక్తం కావాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ ఆరోగ్యవంతుడు ఆయనే. పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే చొక్కా చెయ్యి మడిచి నా ముందు కూర్చుంటాడు, నేను సూది గుచ్చుతాను. రక్తం బాగా గడ్డకడితే యంత్రం కాగితం మీద గీసే గీత పైకి లేస్తుంది. తన గీత నిటారుగా లేస్తే, కొడుకు ఫస్టుక్లాసులో పాసైనట్టు చూసుకుంటాడు.

గాయమైన చోట ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి కేకేసి గుమిగూడితేనే రక్తం ఆగుతుంది. వాటి పొరలోని కొవ్వును ఒక ఎంజైమ్ కోస్తే ఒక ఆమ్లం ఊడిపడుతుంది, దాన్నుంచే ఆ కేక పుడుతుంది. కొన్ని నొప్పి మాత్రలు వేసుకుంటే ఆమ్లం ఊడినా కేక పుట్టదు, వారం పది రోజుల దాకా. అందుకే ఆయన ప్రతి రోగినీ మాత్రలేమైనా వేసుకున్నారా అని మూడుసార్లు అడుగుతాడు. అవునన్నవాళ్లకి అరగంట క్లాసు పీకుతాడు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు.

ఒకరోజు తొమ్మిదేళ్ల పిల్లను తీసుకొచ్చింది తల్లి. పన్ను ఊడితే రెండు రోజులు రక్తం కారిందట. మర్నాడే టాన్సిల్స్ ఆపరేషన్. పిల్ల రక్తంలో ప్లేట్‌లెట్లను గుమిగూడేలా రెచ్చగొట్టే పరీక్ష మందు వేశాం. గీత లేవలేదు. మంచిరక్తానిదీ లేవలేదు.

డాక్టరు గారు రెండు కాగితాలూ చూసి, ఇద్దరికీ లేవలేదంటే మందే పాడైందని, పిల్లకేం లేదని, ఆపరేషన్ కానిద్దామని అన్నారు. తల్లి సంచి సర్దుకుంది. మంచిరక్తం మాత్రం తన కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు.

తల్లి తలుపు మీద చెయ్యి వేసింది.

"మందు బాగానే ఉందండీ," అన్నాడు మంచిరక్తం. "నేనే బాగాలేను. నిన్న నడుం నొప్పంటే మా ఆవిడ ఇచ్చిన మాత్ర వేసుకున్నాను."

"మీరా?" అన్నారు డాక్టరు గారు. ఆ అరగంట క్లాసు తర్వాత నేనే ఆయనకి పీకాను.

గదులు తుడిచే ఆవిణ్ణి పిలిచి రక్తం తీశాం. మాత్రల గురించి మూడుసార్లు అడిగింది నేనే. ఆవిడ గీత చక్కగా లేచింది. అంటే లోపం పిల్లదే. పిల్ల రక్తంలో ఆ ఆమ్లాన్నే నేరుగా వేసి చూశాం. ఈసారి గీత లేచింది. కొవ్వు కోసే ఎంజైమే ఆ పిల్లలో పనిచేయడం లేదన్నమాట.

ఆపరేషన్ వాయిదా వేసి, దాతల ప్లేట్‌లెట్లు సిద్ధం చేసుకుని పన్నెండు రోజులకు చేశారు. అయినా రక్తం ఆగనంది. రెండు సంచులు ఎక్కించాకే ఆగింది. అవి లేకపోతే పిల్ల దక్కేది కాదని సర్జన్ తల్లికి దాచకుండా చెప్పాడు.

ఆవిడ నేరుగా ల్యాబుకి వచ్చి మంచిరక్తం రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆయన నేల చూపులు చూశాడు.

"మీరు తలుపు దాకా వెళ్లేవరకు నేను నోరు విప్పలేదమ్మా," అన్నాడు. "పరువు పోతుందని."

ఆవిడ చేతులు వదల్లేదు.