అడుగు పడని నేల

గుహలెక్కడున్నాయో చెప్పమని ఫోన్ చేసిన ప్రతివాడికీ ఓలీటా హార్గిస్ ముప్పై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతూ వచ్చింది.

"ముందు గుహలు కాదు నాయనా, మనుషుల్ని వెతుక్కో. నెలలో రెండో మంగళవారం సాయంత్రం లైబ్రరీ కింది గదికి రా."

అమెరికాలోని టెనెసీ కొండల్లో స్కూలు బస్సు నడిపే మనిషి ఆమె. అక్కడ గుహల్లో దిగి తిరిగేవాళ్ళ సంఘంలో కొత్తవాళ్ళకి దారి చెప్పరు. చెబితే గోడల మీద పేర్లు చెక్కి వస్తారు, మర్నాడే గుహ ఉన్న పొలం ఆసామి గేటుకు తాళం వేస్తాడు. అందుకని ఓలీటాయే వాళ్ళకి హెల్మెట్ ఇచ్చి, మూడు లైట్లు లేనిదే కదలనివ్వక, బురదలో పాకడం నేర్పేది. ఆసామి తలుపు తట్టి మర్యాదగా అడగడం కూడా నేర్పేది.

కోల్బీ అనే కుర్రాడు అలా వచ్చినవాడే. మొదటిరోజు గుహలోకి చెప్పులేసుకుని వచ్చాడు మహానుభావుడు. బూట్లు కూడా ఆవిడే కొనిపెట్టింది.

చలికాలం పొద్దున్నే కొండవాలు మీద ఆవిరి లేచే చోటు కనిపిస్తే, కింద గుహ ఉన్నట్టే. అలాంటి చోటొకటి పట్టుకుని, ఆరేళ్ళు ప్రతి శనివారం బకెట్లతో మట్టి తోడింది ఓలీటా. చివరి రెండేళ్ళూ కోల్బీ బకెట్లు లాగాడు. ఆమెకున్న కోరిక ఒక్కటే. ఇంతవరకూ మనిషి అడుగు పడని నేలని తాను ముందు చూడాలి. తవ్వినవాళ్ళే ముందు దిగాలన్నది అక్కడి కట్టుబాటు, దాన్ని తప్పినవాణ్ణి దొంగ అంటారు.

ఫిబ్రవరిలో కన్నంలోంచి వెచ్చటి గాలి తన్నుకొచ్చింది. ఇక నాలుగు బకెట్ల పని. సరిగ్గా అప్పుడే ఆమెకి తుంటి ఎముక అరిగిపోయి ఆపరేషన్ అన్నారు. ఆగస్టులో ఒక్కసారి పాకవచ్చు, ఆ తర్వాత ఇక మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

"నేనొచ్చేదాకా ఆగు," అంది.

"ఆగక ఎక్కడికి పోతాను, మిస్ ఓలీటా," అన్నాడు కోల్బీ.

సంఘం ఏప్రిల్ మీటింగుకి కర్ర పట్టుకుని వెళ్ళేసరికి తెర మీద ఫొటోలు నడుస్తున్నాయి, అందరూ చప్పట్లు కొడుతున్నారు. గుహ లోపల పెద్ద హాలు, మెత్తని బురద నేల. దాని నిండా బూటు గుర్తులు. ఆ బూట్లు ఆమెకి తెలుసు.

"ఎప్పుడు దిగావు?"

"మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. వానకి మట్టి దానంతటదే జారిపోయింది."

"జారి, బకెట్లెక్కి పైకొచ్చిందా?"

అందరూ చప్పట్లు ఆపేశారు. కోల్బీ తల గోక్కున్నాడు.

"ఆ హాలుకి మీ పేరే పెట్టాం."

"చచ్చినవాళ్ళకి పెట్టినట్టా?"

ఒక్కరైనా తప్పన్నారా? లేదు. కాఫీ దగ్గరికి లేచారు, అంతే. వాళ్ళలో సగం మందికి పాకడం నేర్పింది ఆవిడే.

బయటికి వస్తుంటే కొత్తమ్మాయి ఒకతె అడ్డొచ్చింది.

"నేను కొత్తండీ. మిమ్మల్ని అడగమన్నారు. ఎవరూ చూడని గుహలు ఇంకా ఉన్నాయా?"

ఓలీటా కోటు జేబులో మడిచిన కాగితం ఉంది. జనవరిలో ఆవిరి చూసిన మరో చోటికి దారి గీసి, కోల్బీకి ఇద్దామని తెచ్చింది.

"లేవమ్మా," అంది. "అన్నీ అయిపోయాయి."

ఇంటికెళ్ళి ఆ కాగితం పొయ్యిలో పడేసింది.