ఎడమ తలుపు అద్దం

ఆమెను అందరూ పరదాలమ్మ అనేవారు. కిటికీకైనా, గుమ్మానికైనా, ఆఫీసు గదికైనా, ఎక్కడ గుడ్డ వేలాడాలన్నా కొలత తీసేది, కుట్టేది, తీసుకెళ్ళి తగిలించి వచ్చేది ఆవిడే. పెదాల మధ్య స్క్రూలు పట్టుకుని, భుజాన డ్రిల్లు వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే ఇంటివాళ్ళు కింద నిలబడి "జాగ్రత్తమ్మా" అనేవారు. "పడితే మీ పరదా మీదే పడతాలెండి" అని నవ్వేది, స్క్రూలు జారకుండా.

ఆస్తి అని చెప్పుకోవాలంటే ఒక కుట్టుమిషను, ఒక చిన్న కరెంటు కారు. కారంటే మరీ ఊహించుకోనక్కర్లేదు. రెండు తలుపులు, ముందు రెండు సీట్లు, వెనక గుడ్డల తానులూ ఇత్తడి కడ్డీలూ పట్టేంత చోటు. ఎవరో వాడి వదిలించుకున్నదాన్ని తెచ్చుకుంది. పొగ లేదు, చప్పుడు లేదు. పిల్లిలా వచ్చి పిల్లిలా వెళ్తుందని వీధిలో పిల్లిబండి అనేవారు. ఆ బండిలో డ్రైవరు సీట్లో ఆవిడ, ఎడమ సీట్లో తమ్ముడు. ఎప్పుడు చూసినా ఇద్దరూ అలాగే కనిపించేవారు.

తమ్ముడు ఒకప్పుడు లిఫ్టు మెకానిక్కు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీయడంలో అతని తర్వాతే ఎవరైనా. తలుపు సందులోంచి లోపలివాళ్ళతో కబుర్లాడుతూ, "కంగారు పడకండి సార్, ఇంకాసేపట్లో ఇంటికెళ్ళి హాయిగా మేడమ్ చేత తిట్లు తింటారు" అంటూ, వాళ్ళు నవ్వేలోపు తలుపు తెరిచేవాడు. అలాంటివాడు తోటి మెకానిక్కు బక్కన్నతో కలిసి, మూతబడ్డ బట్టల మిల్లులో సరుకులెత్తే పాత లిఫ్టును చూడ్డానికి వెళ్ళాడు. అది రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. బయట పిలిస్తే పలికే మనిషి లేడు, లోపల ఫోను అందదు. ఆ చీకట్లో బక్కన్నకు గుండెపోటు వచ్చింది. ఎవరో వెతుక్కుంటూ వచ్చి తలుపు పగలగొట్టేసరికి బక్కన్న తల తమ్ముడి ఒళ్ళో ఉంది. తమ్ముడి వేళ్ళకు గోళ్ళు లేవు. ఊరందరికీ తలుపులు తీసినవాడికి ఆ ఒక్క తలుపూ రాలేదు.

ఆ తర్వాత అతను మూసిన గదిలో ఉండలేకపోయాడు. కట్టుకున్నది ఓర్చుకున్నంత కాలం ఓర్చుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. పరదాలమ్మకు పెళ్ళీ పిల్లలూ లేరు. తమ్ముణ్ణి తన ఇంటికి తెచ్చుకుని, మొదటి వారంలోనే వడ్రంగిని పిలిపించి లోపలి తలుపులన్నీ ఊడదీయించింది. పడగ్గదికి పరదా, వంటింటికి పరదా, చివరికి స్నానాలగదికీ పరదాయే. వీధి తలుపు రాత్రీ పగలూ ఓరగా ఉండేది. "దొంగొస్తే పాపం, తోసే శ్రమ కూడా లేదు" అని పక్కింటివాళ్ళతో తనే హాస్యమాడేది. ఎవరూ నవ్వేవారు కాదు.

అతన్ని ఒంటరిగా వదలడానికి భయం. అందుకే పనికి వెళ్ళినప్పుడల్లా వెంటబెట్టుకుని వెళ్ళేది. ఎడమవైపు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటపెట్టుకుని కూర్చునేవాడు. ఎండైనా, చలైనా ఆ అద్దం దిగే ఉండాలి. ఆవిడ పైన పని చేసుకుంటుంటే కింద దారిన పోయేవాళ్ళను చూస్తూ ఉండేవాడు. అలా ఎలాగో రోజులు గడుస్తున్నాయి. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కూడా.

ఒకరోజు మూడో అంతస్తులో, మహా పట్టింపు మనిషి ఒకావిడ ఇంట్లో పని పడింది. పరదా అంచు నేలకు తగిలీ తగలనట్టు ఉండాలంటుంది, మళ్ళీ అంతలోనే తగలాలంటుంది. నిచ్చెన మీద ఉండగా చినుకులు మొదలయ్యాయి, చూస్తుండగానే కుండపోత అయింది. ఆవిడగారి పట్టుగుడ్డ తానంతా కారులోనే ఉంది, తడిస్తే మరకలు పడతాయి. పరదాలమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి తాళంచెవి మీటను నొక్కిపట్టుకుంది. అలా నొక్కితే ఆ బండికి అద్దాలు వాటంతటవే లేస్తాయి, తలుపులకు తాళం పడుతుంది. ఆ తాళం పడ్డాక లోపలి పిడి లాగినా తలుపు రాదు.

గుడ్డ గుర్తొచ్చింది. తమ్ముడు గుర్తురాలేదు.

మళ్ళీ నిచ్చెన ఎక్కింది. కింద ఎక్కడో హారను మోగడం మొదలైంది, ఆగలేదు. "ఎవడో గానీ ప్రాణం తీస్తున్నాడు" అంది ఇంటావిడ విసుక్కుంటూ. పరదాలమ్మ కూడా తలూపింది. స్క్రూ సగం బిగించాక గాజు పగిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. నిచ్చెన ఎలా దిగిందో, మూడు అంతస్తుల మెట్లు ఎలా దూకిందో ఆవిడకే తెలియదు.

ఇత్తడి కడ్డీతో అద్దం పొడిచి, ఆ కంతలోంచి పాక్కుంటూ వచ్చి, తమ్ముడు నడిరోడ్డు మీద వానలో పడి ఉన్నాడు. జుట్టు నిండా గాజుపలుకులు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. ఆవిడ ఒళ్ళోకి లాక్కోబోతే కారు వైపు చూపించాడు.

"అక్కా, బక్కన్నని కూడా తియ్యి."

చేతికి కుట్లు పడ్డాయి. కారు తలుపుకు పరదాలకు వాడే ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించింది. ఎవరైనా అడిగితే దొంగలు పగలగొట్టారని చెప్పేది. చెప్పినప్పుడల్లా తమ్ముడు తల దించుకునేవాడు. గాలికి ఆ షీటు పటపటమంటుంటే తన కట్టు వంక చూసుకుని, "నేనే కదక్కా" అనేవాడు. "కాదురా, నేనే" అనడానికి ఆవిడకు నోరు పెగిలేది కాదు. ఎలాగైనా కొత్త అద్దం వేయించేస్తే ఆ రోజు ఆనవాలంటూ ఉండదనుకుంది. మనసు విరిగితే అతకదు గానీ, అద్దానికి అద్దం దొరకదా?

దొరకలేదు. అద్దాల షాపాయన తలుపు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "ఈ బండికి అద్దమా? కంపెనీవాడే కొట్టు కట్టేశాడు కదమ్మా. పక్క అద్దం అంటే ముందు అద్దంలా కాదు, కోసి ఇవ్వడం కుదరదు. దీని వంపు దీనిదే. కాల్చి తయారుచేస్తారు."

"వేరే బండిది ఏదైనా పట్టదా?"

"నా కళ్ళజోడు మీకు పెట్టినట్టుంటుంది. పాత సామాన్లవాళ్ళ దగ్గర చూడండి."

చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఊరి బయట పాతబండ్ల కొట్టులో, అందరూ ఇనుముమామ అని పిలిచే ముసలాయన, "పిల్లిబండి ఒకటి పడుందమ్మా" అన్నాడు. "ఎవరూ అడగరు. పెట్రోలు వాసన లేదని కుక్కలు కూడా దీన్ని లెక్కచెయ్యవు." వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. పసుపురంగు బండి, మూతి నుజ్జయిపోయింది గానీ ఎడమ తలుపు చెక్కుచెదరలేదు. అద్దం మీద దుమ్ము తుడిచి చూస్తే గీత కూడా లేదు.

"ఎవరైనా మనిషిని పెట్టి ఊడదీయించనా?" అన్నాడు మామ.

"అక్కర్లేదు, నేను తీస్తాను" అన్నాడు తమ్ముడు.

పరదాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ మిల్లు నుంచి వచ్చాక అతను నోరు తెరిచి ఒక పని అడగడం అదే మొదటిసారి.

ఆరుబయట, ఆకాశం కింద, మామ ఇచ్చిన పనిముట్లు ముందేసుకుని కూర్చున్నాడు. పసుపు బండి తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. అద్దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులు వదులు చేసి, పసిపిల్లను తొట్లోంచి తీసినట్టు ఏటవాలుగా పైకి లాగాడు. తర్వాత తమ బండి తలుపు విప్పాడు. అడుగున చేరిన గాజుపలుకులు గలగలా రాలాయి. ఒక్కటి కూడా మిగలకుండా వేలికొసలతో తడిమి తడిమి తీశాడు. అద్దం జారే గాడి, రబ్బరు, దాన్ని లాగే తీగ, చిన్న మోటారు, అన్నీ అక్కకు చూపించాడు.

"ఇది కూడా లిఫ్టే అక్కా. ఇదిగో తాడు, ఇదిగో పట్టా. చిన్న లిఫ్టు." నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆవిడకు కొండంత ఆశ పుట్టింది. టీ తెస్తానని చెప్పి అవతలికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. వీణ్ణి మళ్ళీ పనిలో పెట్టొచ్చు, లిఫ్టులు కాకపోతే కార్లు, ఇక్కడే మామ దగ్గర, పైకప్పు లేని చోట. నాలుగు అడుగుల్లో నాలుగేళ్ళ భవిష్యత్తు కుట్టేసుకుంది.

అద్దం కూర్చుంది. తలుపు మీది మీట నొక్కితే సాఫీగా లేచింది, సాఫీగా దిగింది. మామ కూడా మెచ్చుకున్నాడు. "చెయ్యి తిరిగినవాడే. ఖాళీగా ఉంటే నా దగ్గరికి రావయ్యా." తమ్ముడు సిగ్గుపడ్డాడు. అప్పుడే, పని పూర్తిగా చెయ్యకపోతే నిద్రపట్టని పాత అలవాటు కొద్దీ, "నీళ్ళు కారతాయేమో చూడాలి. నేను లోపల కూర్చుని రబ్బరు చూస్తాను, నువ్వు బయటినుంచి పొయ్యి" అన్నాడు.

"అద్దం లేపాలి కదరా."

"లేపుతాను. మీట నా చేతిలోనే ఉంది కదా."

వద్దు అనాలి. ఆవిడకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వాడి మొహంలో వెలుగు చూసి, ఆ వెలుగును తన నోటితో ఆర్పలేకపోయింది. తలుపు వేసింది. తమ్ముడు మీట నొక్కాడు, అద్దం లేచింది. ఆవిడ చెంబుతో నీళ్ళు పోసింది. అద్దం మీద నీళ్ళు పరదాలా జారాయి. ఇంకో చెంబు పోసింది. లోపల చుక్క కూడా పడలేదేమో, తమ్ముడు ఏమీ అనలేదు.

నీళ్ళు జారిపోయాక చూస్తే నోరు తెరిచి ఉన్నాడు. మీట మీద వేలు అలాగే ఉంది, నొక్కడం లేదు. గొంతు చించుకుని ఎవరినో పిలుస్తున్నాడు, గట్టిగా బిగిసిన ఆ రబ్బరులోంచి బయటికి సన్నని మూలుగే వస్తోంది. ఆవిడ తలుపు లాగింది. వచ్చేసింది. తాళం పడలేదు, ఏమీ లేదు. "వచ్చెయ్‌రా, తెరిచే ఉంది, చూడు" అని చెయ్యి పట్టుకుంది. అతను రాలేదు. తెరిచిన తలుపు ముందు కూర్చుని, మూసుకున్నట్టే చూశాడు. ఒళ్ళో ఏదో బరువు ఉన్నట్టు రెండు చేతులూ మడిచి పట్టుకున్నాడు.

"బక్కన్నా, లేవరా. వస్తున్నార్రా."

ఇనుముమామ, ఆవిడ కలిసి ఎత్తి బయటికి తెచ్చారు. "నావల్లే" అంది ఆవిడ. మామ తన చొక్కా తీసి తమ్ముడి వీపు తుడిచాడు.

తర్వాతి రోజులు అంతకు ముందు రోజులకంటే అధ్వాన్నంగా గడిచాయి. ఇప్పుడతనికి తలుపుల్లేని ఇల్లు కూడా పనికిరాలేదు. పరదాలు కదిలితే ఉలిక్కిపడేవాడు. వీధి అరుగు మీదే పడుకునేవాడు, చలిలో దుప్పటి కప్పితే తన్నేసేవాడు. కారు మళ్ళీ ఎక్కలేదు. పరదాలమ్మ బేరాలు వదులుకుని అతని పక్కన కూర్చునేది. తన పాపం తనలోనే కుళ్ళుతుంటే, ఒక సాయంత్రం ఉండబట్టలేక చెప్పేసింది. "ఆ రోజు తాళం వేసింది నేనేరా. గుడ్డ తడుస్తుందని. నువ్వున్నావన్న సంగతే మరిచిపోయాను." తిడతాడని, కొడతాడని, ఏదో ఒకటి చేస్తాడని ఎదురుచూసింది. అతను విన్నాడో లేదో తెలియలేదు. వీధి చివర దీపం వంక చూస్తూ ఉండిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నం మానేశాక ఆసుపత్రికి తీసుకెళ్ళక తప్పలేదు. డాక్టరమ్మ మంచి మనిషే. అంతా విని, "వార్డులోనే ఉంచాలి" అంది.

"వార్డుకి తలుపులున్నాయి కదా డాక్టరుగారూ. గడియ పెడతారు కదా."

"పెడతామమ్మా. పెట్టకపోతే రోడ్డు మీదికెళ్ళిపోతారు, మీరే చెప్పారు కదా ఇంట్లో ఆగడం లేదని."

"మూసిన తలుపే వాడి జబ్బు."

డాక్టరమ్మ కాసేపు కాగితాలు సర్దింది. "తెలుసు. మా దగ్గర తెరిచిన చోటు లేదు" అంది.

ఇద్దరు మనుషులు చెరో జబ్బ పట్టుకుని తీసుకెళ్తుంటే తమ్ముడు పెనుగులాడతాడనుకుంది. పెనుగులాడలేదు. తలుపు దగ్గర ఒక్కసారి ఆగి, గడియనూ, బిజాగరీలనూ మెకానిక్కు చూపుతో పైనుంచి కిందికి చూశాడు. ఇది రాదు అన్నట్టు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళాడు.

ఆవిడ మళ్ళీ పనిలో పడింది. ఆదివారాలు ఆసుపత్రికి వెళ్ళి వస్తుంది. అతను చిక్కిపోయాడు. మందుల మత్తులో అక్కను గుర్తుపడతాడు గానీ, మాట కలపడు. నర్సు చెప్పింది, పగలంతా ఆ తలుపు పక్కనే నిలబడతాడట. ఎవరైనా వస్తే మర్యాదగా పక్కకు తప్పుకుని, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అక్కడికే వస్తాడట. "ఎవరినీ ఇబ్బంది పెట్టడండీ, బంగారం" అంది. పరదాలమ్మ ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియక, తెచ్చిన చొక్కాలు నర్సు చేతికిచ్చి వచ్చేసింది.

ఒక ఆదివారం కారులో కూర్చున్నాక స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయింది. అద్దాలు రెండూ మూసే ఉన్నాయి. బండిలో ఏ చప్పుడూ లేదు, బయటి ఊరి చప్పుడూ లోపలికి రావడం లేదు. ఎంతసేపు అలా ఉందో గానీ, ఎవరో వచ్చి వేలితో అద్దం మీద తట్టారు. పక్కన బండి నిలుపుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాయన.

"వెళ్తున్నారా అమ్మా, ఉంటున్నారా?"

ఆయన పెదాలు కదలడం చూసి అర్థం చేసుకుంది. వెళ్తున్నానని తలూపి, బండి కదిపింది.