మేస్త్రి కాళ్లు ముడుచుకున్న రోజు

మొన్న సింహాచలం కొండ దిగుతుంటే కారు కిటికీలోంచి కాలిన బ్రేకు లైనర్ల వాసన వచ్చింది. మా బండిది కాదు, ముందు పోతున్న వ్యానుది. అయినా నా కుడికాలు దానంతట అదే నేలను నొక్కేసింది. స్టీరింగు దగ్గరున్న మా అబ్బాయి నవ్వాడు. "నాన్నా, అక్కడ బ్రేకు లేదు." లేదని నాకు తెలుసు. బ్రేకులు బాగుచేసి బతికినవాణ్ణి, అవి ఎక్కడుంటాయో ఆ మాత్రం తెలియదా! ఆ అలవాటు నాది కాదు, అప్పలస్వామి మేస్త్రిది. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పనితోపాటు ఇదీ అంటుకుంది.

స్టీలు ప్లాంటు గోడలు లేస్తున్న రోజుల్లో గాజువాక రోడ్డు మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. తగరపువలస పక్క పల్లెలో మాకున్న పొలం అన్నదమ్ములందరికీ చాలక, నేను పెళ్లాన్నీ చంటిపిల్లనూ వెంటబెట్టుకుని పట్నం వచ్చి ఆయన దగ్గర చేరాను. మేస్త్రి పొట్టిమనిషి. నోరు మాత్రం రోడ్డు అవతల టీకొట్టు దాకా వినిపించేది. మా దగ్గరకు ఎక్కువగా కుటుంబాలు తిరిగే పాత జీపులు వచ్చేవి. ఒక్కో జీపులో ముసలమ్మ నుంచి మేకపిల్ల వరకూ ఎక్కేవారు. సముద్రపు గాలికి అడుగు రేకులు తుప్పు పట్టేవి, కమాను పట్టీలు విరిగేవి, క్లచ్చు జారేది, ఇంజను పొగ కక్కేది. అన్నీ ఒకేసారి బాగుచేయించే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. అందుకే మేస్త్రి బండి జబ్బులను మూడు రకాలు చేసి చెప్పేవాడు. "అరిసే జబ్బు, కారే జబ్బు, ఊరుకునే జబ్బు. అరిసేది కొన్నాళ్లు ఆగుతాది. కారేదాన్ని కనిపెట్టుకోవాల. ఊరుకునేదే పేనం తీత్తాది."

బ్రేకు ఊరుకునే జబ్బు. అందుకని ఆయన షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బ్రేకుల పని చేసినవాడు ముందు తన ఇంటివాళ్లను ఆ బండిలో ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కి దిగాలి. ఆ తర్వాతే తాళం యజమాని చేతికి. మేస్త్రి పని చేసినప్పుడల్లా ఆయన భార్య సత్తెమ్మగారు ఎక్కేవారు. "ఈయన పున్నేన అప్పన్న నాకు సుట్టమైపోనాడు" అని ఎగతాళి చేసేవారు. పరాయి బండి ఎక్కితే మాత్రం మేస్త్రికి కుదురుండేది కాదు. సిటీ బస్సులో కూర్చున్నా కుడికాలు నేలను నొక్కుతూనే ఉండేది. పక్కవాళ్లు కాలు నొప్పేమో అనుకునేవారు.

ఒకరోజు జాలరిపేట నుంచి పోలయ్య అనే పెద్దాయన తన జీపును మొదటి గేరులోనే నడిపించుకుంటూ షెడ్డుకు తెచ్చాడు. బ్రేకు తొక్కితే బండి ఆగకుండా జారిపోతోందట. చక్రాలు విప్పగానే గుప్పుమని కొట్టింది నీచు వాసన. డ్రమ్ములు, వాటిని ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు అన్నీ నూనెలో నానుతున్నాయి.

"ఇదేటి మావా?" అన్నాను ముక్కు మూసుకుని.

"సొరసేప నూని బాబూ. తుప్పు పడతందని నానూ మా తమ్ముడూ ఇప్పదీసి, లోపలా బయటా పూసేసినాం. పడవకి రాత్తే ఎన్నేళ్లయినా సెక్క సెడదు. బండికి మాత్రం పనికిరాదా?"

నాకు నవ్వాగలేదు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. "పడవకి బ్రేకులుండవు గదా పోలయ్యా, నీకెలాగ తెలుత్తాది" అన్నాడు మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. వచ్చే సోమవారం మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి పోలయ్య కుటుంబమంతా ఆ జీపులోనే కొండెక్కాలి. వియ్యాలవారు కూడా వస్తారు. ఇంజను నల్లగా పొగ కక్కుతుంటే వాళ్ల ముందు తల కొట్టేసినట్టుంటుందని, ఆ పొగ మాన్పించడానికే ఆయన డబ్బు కూడబెట్టాడు. ఆ డబ్బుకు ఇంజను పనైనా అవుతుంది, కొత్త లైనర్లైనా వస్తాయి. రెండూ కుదరవు.

ఆయన దీనంగా చూస్తుంటే నా మనసు కరిగింది. మేస్త్రిని పక్కకు పిలిచి, పాత లైనర్లనే పెట్రోలుతో కడిగి ఎండబెట్టి బిగిద్దామన్నాను. చాలా షెడ్లలో చేసే పనే అది. పోలయ్య పరువూ నిలుస్తుంది, బండీ ఆగుతుంది.

"బాగున్నాది" అన్నాడు మేస్త్రి. "అయితే నువ్వే కడుగు, నువ్వే బిగించు. నీ ఇంటిదాన్నీ సంటిగుంటనీ ఎక్కించి కొండ దింపు. ఆ తర్వాత పోలయ్యకి ఇచ్చీ."

కొండ మీది పెద్ద మలుపు కళ్లముందుకు వచ్చింది. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ లక్ష్మి కనిపించింది. లైనర్లలో ఇంకిన నూనె వేడెక్కితే మళ్లీ పైకి తేలుతుందని నాకు తెలియక కాదు.

"ఏటి, ఎక్కిత్తావా మరి?" అన్నాడాయన. "పరాయోడి మనవడి మీద ధైర్యం సెయ్యడం సులువురా. అత్త సొమ్ము అల్లుడు దానం సేసినట్టు."

ఆ మాట చురుక్కుమన్నది. వెళ్లి పోలయ్యతో నేనే చెప్పాను, ఈ డబ్బు బ్రేకులకే పెట్టాలని. ఆయన మండిపడ్డాడు. "పొగబండితో వియ్యాలోరి ముందు నన్ను నవ్వులపాలు సేత్తావేటి?" అని కేకలు వేశాడు. "నవ్వితే నవ్వనీ మావా. నవ్వినోళ్లతో సహా అందరూ కిందకి దిగాలి గదా" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో! పోలయ్య బండి చుట్టూ ఓసారి తిరిగి వచ్చాడు. చివరికి "మనవడిది గదా... కానీ" అన్నాడు.

కొత్త లైనర్లు వేశాను. మేస్త్రి వేలు కూడా పెట్టలేదు, మా ఇంటికి కబురు మాత్రం పంపాడు. లక్ష్మి పిల్లను ఎత్తుకుని వచ్చి జీపు పక్కన నిలబడింది.

"బ్రేకులు నువ్వే సేసినావా?"

"నానే."

"మరేటి, పద" అని ఎక్కి కూర్చుంది. అంత నమ్మకం చూస్తే నాకు ధైర్యం రావాలి కదా, వంగి నాలుగు చక్రాల బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించి చూసుకున్నాను. దిగేటప్పుడు పెద్ద మలుపులో అనాసపళ్ల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె అడ్డంగా వచ్చింది. తొక్కాను. బండి అటూ ఇటూ లాగకుండా నిలువునా ఆగింది. ఒళ్లో పిల్ల నిద్ర లేవలేదు. ఆ ఆనందంలో బేరమాడకుండా ఒక పండు కొన్నానని లక్ష్మి ఇంటిదాకా సణిగింది.

సోమవారం పోలయ్య పొగ కక్కుకుంటూనే కొండెక్కాడు. ఆ మర్నాడు ఇంత పొడుగు వంజరం చేపతో షెడ్డుకు వచ్చాడు. "ఎక్కేటప్పుడు మావోళ్లంతా నవ్వినారు బాబూ. దిగేటప్పుడు వియ్యపరాలు మనవణ్ణి ఎత్తుకుని నా పక్కనే కూకున్నాది" అన్నాడు. మేస్త్రి చేప తల సత్తెమ్మగారికి పంపి, మిగతాది నా చేతిలో పెట్టాడు. బాగా చేశావని మాత్రం అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. అంటాడేమోనని నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను.

తర్వాత ఆటోనగర్‌లో నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను. మేస్త్రి కంటిచూపు తగ్గి పని మానేశాడు. ఒకసారి కొండకు వెళ్లాలని సత్తెమ్మగారు అడిగితే, నేను బాగుచేసుకున్న జీపులో ఇద్దరినీ తీసుకెళ్లాను. దర్శనమయ్యాక దిగుతున్నాం. పెద్ద మలుపు దగ్గరకు రాగానే అలవాటుగా పక్కకు చూశాను, ఆయన కాలు నేలను ఎంత గట్టిగా నొక్కుతోందోనని.

కాలు నేల మీద లేదు. ఆయన చెప్పులు కింద విడిచేసి, రెండు కాళ్లూ సీటు మీదకు ముడుచుకుని, తల వాల్చి నిద్రపోతున్నాడు.

వెనకనుంచి సత్తెమ్మగారు నా భుజం తట్టి, "సూసినావా రమణా! నానీ ఇడ్డూరం ఎప్పుడూ సూళ్లేదు" అన్నారు గొంతు తగ్గించి. నాకు కళ్లలో నీళ్లు తిరిగి రోడ్డు మసకబారింది. ఆయన నిద్ర చెడకుండా మెల్లగా తొక్కి, బండి పక్కకు ఆపి, కళ్లు తుడుచుకుని మళ్లీ బయలుదేరాను. ఇన్నాళ్లూ నేను వినాలనుకున్న మాట ఆయన కాళ్లతో చెప్పాడు.

మొన్న కొండ దిగాక మా అబ్బాయిని అడిగాను, ఈ బండి బ్రేకులు ఎవరు చేశారని. సర్వీసు సెంటరులో చేశారట, ఎవరో తెలియదట. వెనక సీట్లో లక్ష్మి కాళ్లు ముడుచుకుని హాయిగా నిద్రపోతోంది, ఇంటికొచ్చేదాకా నా కాలు నేల మీదే ఉంది.