కడిగితే పోయిన గుర్తు

పోలియో ఆదివారం సాయంత్రం అమీర్‌పేటలో మా ఇంట్లో పిల్లలకు స్నానం చేయిస్తుంటే, రెండేళ్ల బాబు చిటికెన వేలి గోటిమీద, పోలియో చుక్కలు వేశాక పెట్టే ఊదారంగు గుర్తు నా చేతికి అంటుకుంది. పాప వేలిది మాత్రం ఎంత రుద్దినా పోలేదు.

నేను పంజాగుట్టలో డ్యూటీలో ఉండటంతో ఇద్దరినీ చుక్కలకు తీసుకెళ్లింది మా అత్తమ్మే. బాబుకు మందు వేయించకుండానే ఎవరైనా ఉత్తుత్తి గుర్తు పెట్టారా?

"అత్తమ్మా, బాబు నిజంగా మందు తాగిండా?"

ఆమె తల తిప్పుకుంది. "వానికి జర ఒళ్లు వెచ్చగుండె బిడ్డా. పాప స్కెచ్‌పెన్నుతోని నేనే గీసిన. లేకుంటే చుక్కలోళ్లు రేపు ఇంటికొచ్చి సతాయిస్తరు."

దేశాలన్నీ కలిసి తరుముతున్న జబ్బుకు మా ఇంట్లోనే తలుపు తెరిచినట్టయింది. ఆ రాత్రంతా బాబు కాళ్లు తడుముతూనే ఉన్నాను.

తెల్లారి బాబుకు చెప్పాను: "ఇయ్యాల చుక్కలోళ్లు వస్తరు. ముందు నోరు తెరవాలె, తర్వాతనే వేలు చూపియ్యాలె."