ఊకెనే తొక్కమన్న అత్త

పోయిన నెలలో ఒక గురువారం, రెండో పీరియడ్ అయిపోయి స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా తాండూరు నుంచి అత్త కొడుకు, మా బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, వాకిట్లో గోడకు ఒరిగి కూర్చుందట. ఎండ మీదికొస్తోంది, లోపలికి తీసుకుపోదామని బావ చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడిపోయిందట.

మీకు నిజమే చెబుతాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా బరువైపోయింది, అంతే. సెలవు చీటీ రాయాలి, వికారాబాద్ బస్టాండుకు పోవాలి, తాండూరు బస్సెక్కాలి. అంత పని నావల్ల కాదేమో అనిపించి కుర్చీలో అట్లాగే కూర్చుండిపోయాను. ఈ సంగతి వేరే ఎవరికైనా చెప్పుకోవడానికి సిగ్గు. పోయినామె మాత్రం అర్థం చేసుకునేది. మనిషి అలిసిపోతే దాన్ని తప్పుగా చూడనిది మా ఇంట్లో ఆమె ఒక్కతే.

ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. ఉద్యోగమంతా కొడంగల్ చుట్టూ ఉన్న పల్లెల్లోనే చేసింది. ఆ ఊళ్ళకు ఆమె పేరుతో పని లేదు, నర్సమ్మ అంటే చాలు. నల్ల లేడీస్ సైకిలు, వెనక క్యారేజీ మీద టీకాల డబ్బా, డబ్బా కదలకుండా పాత ట్యూబు ముక్కతో కట్టు. కర్ణాటక పక్కనున్న ఊళ్ళలో కన్నడం మాట్లాడే బాలింతలతో కన్నడమే మాట్లాడేది. మొదట్లో ఆడమనిషి సైకిలెక్కిందని నవ్వినవాళ్ళు, తర్వాత తమ బిడ్డలకు జ్వరమొస్తే ఆ సైకిలు బెల్లు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళట. రిటైరయ్యాక తాండూరులో, బండలు పాలిష్ చేసే వీధిలో ఉండేది. ఆ వీధిలో దేన్ని ముట్టుకున్నా తెల్లటి రాతిపొడి. చేతులకు వణుకుడు జబ్బు వచ్చి తొక్కడం మానేసినా, సైకిలు మీది ఆ పొడి మాత్రం రోజూ తుడిచేది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె చేసింది అర్థం కాదు. నేను వికారాబాద్‌లో లెక్కల టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ మూడేళ్ళు మంచంలో ఉంది. బడి, అమ్మ, బడి, అమ్మ. అమ్మ పోయాక "ఇక కొంచెం రెస్ట్ తీసుకో" అని అందరూ అన్నారు. నేనూ తీసుకుందామనే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుని లేచినా, పడుకున్నప్పటి అలసటే మళ్ళీ నాతో లేచేది. మెట్లెక్కితే ఆయాసం. షుగర్ మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. నడవమని చెప్పింది. నడవలేదు.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు మా ఇంటి ముందు బండల లోడుతో ఒక డీసీఎం వ్యాను ఆగింది. క్యాబిన్లోంచి అత్త దిగింది. వెనక బండల పక్కన, తాళ్ళతో కట్టేసి ఉంది ఆమె సైకిలు.

"ఏమే కోడలా, జర దించు దీన్ని" అంది.

"ఎందుకత్తా ఇది?"

"నాకు బ్యాలెన్స్ నిలుస్తలేదు. ఇది ఊకె నిలబడితే పాడైతది. నువ్వు కాలేజీల తొక్కినవ్ గదా."

"ఇరవై ఏళ్ళు దాటిందత్తా. నాకిప్పుడు ఓపిక లేదు."

"ఉన్నదని ఎవలన్నరు? ముందుగాల రిపేరు జేద్దాం. తొక్కుడు సంగతి తర్వాత."

నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ నేను బడి నుంచి రాగానే వాకిట్లో సైకిలు తలకిందులుగా ఉండేది, పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద అత్త ఉండేది. మొదటి రోజు బోల్టులు విప్పే పాన ఆమే పట్టుకుంది. పట్టుకున్న పాన మూడుసార్లు నేల మీద పడింది. మూడోసారి దాన్ని తీయడానికి వంగలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో గట్టిగా పట్టుకుంది.

"నీ చేతులు తే" అంది.

అప్పటి నుంచి మాట ఆమెది, చెయ్యి నాది. ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ టబ్బులో ముంచాను, బుడగలొచ్చిన చోట వేలు పెట్టి పట్టుకున్నాను. గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాసి, వెంటనే ప్యాచ్ పెట్టబోతే ఆపింది. "ఆగు. ఆరనియ్యి. నీకు అన్నింటికి తొందరనే." ప్యాచ్ అతికాక టైరు ఎక్కించబోతే మళ్ళీ ఆపింది. "టైరు లోపల ఏలు పెట్టి సుట్టూ తిప్పు. ముల్లు ఇంక లోపల్నే ఉంటది. అది తియ్యకుంటే రేపు మళ్ళ గాలి పోతది." తిప్పాను. తుమ్మముల్లు మొన వేలికి గుచ్చుకుంది. అది ఎప్పటిదో, ఏ ఊరి దారిలోదో.

చైనును డీజిల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగించింది. మిషన్ నూనె ఒక్కో లింకుకు ఒక్క చుక్కే. నేను ధారగా పోస్తే, "ఏందే, తలకు పెడుతున్నవా?" అని నవ్వింది. "నూనె లోపలికి పోవాలె. మీదున్నది తుడిచెయ్యి. మీదుంటే దుమ్ము పట్టుకుంటది." బ్రేకు రబ్బర్లు మార్చాం. వెనక చక్రం వంకర తిరుగుతుంటే స్పోకు పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటించి, మోగని పుల్లను బిగించమంది. నాలుగో రోజు సాయంత్రం చక్రం తిప్పి చూస్తే చప్పుడు లేకుండా తిరుగుతూ తిరుగుతూ ఉంది. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తిగా అయిందని అనిపించింది నాకు. అత్త మాత్రం చక్రం ఆగేదాకా చూసి, "మంచిగుంది, అన్నం పెట్టు" అంది.

మొదటి ఆదివారం అనంతగిరి గుట్ట దారి పట్టాను. ఎక్కుడు మొదలైన కాసేపటికే దిగి నూకుకుంటూ నడిచాను. హైదరాబాద్ నుంచి వచ్చిన సైకిలోళ్ళు, హెల్మెట్లు, రంగురంగుల బనీన్లు వేసుకుని సుయ్యిమని దాటిపోయారు. ఒకతను వెనక్కి తిరిగి "సూపర్ ఆంటీ" అని బొటనవేలు చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి అత్తకు ఫోన్ చేసి, ఇది నాతో కాదు అన్నాను.

"దిగినవా?"

"దిగిన."

"దిగితే ఏమాయె? నేను రోజూ దిగేదాన్ని. గుట్ట వస్తే దిగుడే. దిగి నడువు, మళ్ళ ఎక్కు."

అట్లా కొన్నాళ్ళు సాగింది. మోకాళ్ళు నొప్పులే, ఒళ్ళు నొప్పులే, కానీ ఆదివారం పొద్దున ఒక పనంటూ ఉండేది. తర్వాత పరీక్షల డ్యూటీ వచ్చింది, దాని వెనకే సర్వే డ్యూటీ, ఆ వెనకే వానలు. సైకిలు వాకిట్లోనే తడిసింది. చూస్తూనే ఉన్నాను. లోపల పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

ఆ వానల్లోనే అత్త ఆసుపత్రిలో చూపించుకోవడానికి వికారాబాద్ వచ్చి, మా ఇంటికొచ్చింది. చైను ఎర్రగా తుప్పు పట్టి ఉంది. నన్ను ఏమీ అనలేదు. స్టూలు తెచ్చుకుని దాని ముందు కూర్చుంది. ఆమె ఏమీ అనకపోవడమే నాకు మంట పుట్టించింది.

"అత్తా, నేనేమన్నా కాన్పులు చెయ్యడానికి పోవాలెనా దీని మీద? రెండు మూడు నెలలు తొక్కకపోతే ఎవరికి నష్టం?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అత్త నా వైపు చూడకుండానే చెప్పింది.

"నౌకరీల చేరిన కొత్తల. ఎండకాలం. కాన్పు కష్టమైతుందని కబురొచ్చింది. వారం సంది వెనక టైరు మెత్తగనే ఉండె. రేపు జూద్దాం, రేపు జూద్దాం అని గాలి కొట్టుకుంట తిరిగిన. సగం తొవ్వల గాలంత పోయింది. నాకు పంక్చర్ చేసుడు రాదు. బండి లేదు, మనిషి లేడు. గంటకు ఎక్కువ నడిచిన, సైకిలు నూకుకుంట. నేను పోయేసరికి తల్లి ఉంది. పిల్ల లేదు."

నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"ఎవలు నన్ను ఒక్క మాట అనలే. ఆ పిల్ల అమ్మమ్మ నాకు చాయ్ ఇచ్చింది, ఎండల పడి వచ్చినవ్ బిడ్డా అని. ఆ చాయ్ తాగుడు ఎంత కష్టమైందో నీకు చెప్పలేను. మరుసటి వారమే కొడంగల్ల సైకిల్ షాపు ముసలాయన కాడ కూసుండి అన్నీ నేర్చుకున్న. గా దినం సంది రిటైరయ్యేదాక నా సైకిలు తొవ్వల ఆగలే."

లేచి డీజిల్ డబ్బా తెచ్చాను. చైను రుద్దుతుంటే కళ్ళ నీళ్ళు నా చేతుల మీద పడ్డాయి. అత్త చూసింది, చూడనట్టు ఊరుకుంది. పని సగం అయ్యాక అంది: "నీకు ఎవల కాడికి పోవుడు లేదు. అది మంచిదే బిడ్డా. నేను ఎన్నడు పనిలేకుండ ఊకెనే తొక్కలే. ఎప్పటికీ ఎవలో ఒకలు ఎదురుచూస్తుంటరు, నాకు ఒకటే ఫికరు. నువ్వు ఊకెనే తొక్కు. ఎట్లుంటదో చూసి నాకు చెప్పు."

అదే మా ఒప్పందం అయింది. ప్రతి ఆదివారం తొక్కి వచ్చి ఫోన్ చేసేదాన్ని. పూడూరు రోడ్డులో కంది పూతకు వచ్చిందని, నవాబుపేట దారిలో గాలి ఎదురుకొట్టిందని, కల్వర్టు మీద కూర్చుని నీళ్ళు తాగానని చెప్పేదాన్ని. "ఇంకా?" అనేది. "ఇంకేం లేదత్తా, కాళ్ళు గుంజుతున్నయి." "అది గాదు. ఎట్లుండె?" ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బాగుంది అనేదాన్ని. ఆమెకు ఆ మాట సరిపోయేది కాదు, కానీ వదిలేసేది.

చివరి నెలల్లో ఆమె గొంతు సన్నబడింది. మాట సగంలో ఆగిపోయేది. ఆ ఆగిన మాటల కోసం ఇవతల నేను ఎదురుచూడడం నాకు అలసటగా ఉండేది. రెండు ఆదివారాలు తొక్కాను గానీ ఫోన్ చెయ్యలేదు. మూడో ఆదివారం తొక్కనే లేదు. ఒకసారి తాండూరు దాకా సైకిలు మీదే వస్తానని మాటిచ్చాను. ఎండలన్నాను, మోకాలన్నాను, ఈ దసరాకన్నాను. ఆమె ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది.

ఆ గురువారం నేను తాండూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వీధి నిండా జనం. కొడంగల్ వైపు పల్లెల నుంచి రెండు ఆటోల నిండా ఆడవాళ్ళు వచ్చారు. అందులో ఒకామె, అరవై దాటి ఉంటుంది, అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవకుండా ఆ పాదాలు నిమురుతోంది. నేను పక్కన కూర్చుంటే, నర్సమ్మకు ఏమైతవని అడిగింది. మేనకోడలినన్నాను.

"నా తొలి కాన్పుకు సైకిలు నూకుకుంట ఉరికొచ్చింది. కాళ్ళకు బొబ్బలు. పిల్ల దక్కలే గని, పదకొండు దినాలు రోజొచ్చి నన్ను చూసింది. తర్వాత నాకు ఇద్దరు పుట్టిండ్రు. ఇద్దర్ని ఈమెనే పట్టింది. వేరే నర్సు వద్దని నేనే మొండికేసిన."

"మీ దగ్గరికి రోజూ వచ్చిన సంగతి మాకెప్పుడూ చెప్పలేదు" అన్నాను.

"చెప్పదు. మా ఇంటికొస్తే కూసోకపోయేది గూడ. ఎన్నిసార్లు పీట ఏసినా నిలబడే ఉండేది. ఎందుకమ్మా అంటే పనున్నదనేది." ఆమె కొంగుతో అత్త పాదాల మీది తెల్లటి పొడి తుడిచింది. "ఆ పిల్ల ముందే పోయిందమ్మా, కడుపుల్నే. ఈమె ఎగురుకుంట వచ్చినా దక్కకపోతుండె. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిన్నో. ఇన్నది గని నమ్మలే."

నేను అప్పుడు ఏడ్చాను. వీధిలో పాలిష్ మిషన్లు ఆ పూటకు ఆపేశారు. అంత నిశ్శబ్దంలో ఆ వీధిని నేను ఎన్నడూ చూడలేదు.

దినాలు అయిపోయి వికారాబాద్ వచ్చాక రెండు వారాలు సైకిలు ముట్టలేదు. మొన్న ఆదివారం గాలి చూశాను, చైను తుడిచాను, బయల్దేరాను. ఒళ్ళు తేలికేమీ కాలేదు, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మలుపు దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే ఒక కాలు నేల మీద పెట్టి ఆగాను. చాలా పెద్ద మంద. దుమ్ములో ఒకదాని వెనక ఒకటి, ఊలు రాసుకుంటూ పోతూనే ఉన్నాయి. అన్నీ దాటాయనుకున్నాక చివర్లో ఒక ముసలి గొర్రె కుంటుతూ వచ్చింది. కాపరి దాన్ని అదిలించలేదు. కట్టె భుజం మీద వేసుకుని, అది ఒక అడుగు వేస్తే తానూ ఒక అడుగు వేస్తూ దాని వెనకే నడిచాడు. ఆ గొర్రె, కాపరి రోడ్డు దాటి, కంది చేను గట్టెక్కి, మందలో కలిసేదాకా అత్తకు ఫోన్లో చెప్పడానికన్నట్టు చూస్తూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.